ప్లీహం తీసిన గాయం మానుతుంది, జాగ్రత్త మాత్రం మానరాదు

పొట్ట బారుగా కోయకుండా, మూడు నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి లోపలి భాగాన్ని తీసివేసే ఆపరేషన్ మన్యం ప్రజలకు ఇప్పుడు కొత్త కాదు. కుటుంబ నియంత్రణ క్యాంపుల్లో డి.పి.ఎల్. ఆపరేషన్ చేయించుకున్న తల్లులు గ్రామాల్లో ఎందరో ఉన్నారు. పిత్తాశయంలో రాళ్లకు, అపెండిసైటిస్‌కు విశాఖపట్నం వెళ్లి ఈ పద్ధతిలోనే చేయించుకుని వచ్చినవారూ ఉన్నారు. డాక్టర్లు లాప్రోస్కోపీ అంటారు. జనం కెమెరా ఆపరేషన్ అంటారు. కొందరు లేజర్ ఆపరేషన్ అని కూడా అంటారు గాని, ఇందులో లేజర్ ఏమీ లేదు. ఉన్నది ఒక సన్నని గొట్టం, దాని కొసన కెమెరా, పక్కన పొడవాటి పనిముట్లు మాత్రమే.

ప్లీహాన్ని కూడా ఇదే పద్ధతిలో తీస్తున్నారు. మూడు నాలుగు రోజుల్లో మనిషి లేచి నడిచి ఇంటికి వస్తాడు. పొట్ట మీద చూస్తే వేలి గోరంత మచ్చలు. ఇది చూసి ఇరుగు పొరుగు వారు "ఏముంది, చిన్న ఆపరేషనే" అనుకుంటారు. ప్రమాదం ఇక్కడే మొదలవుతున్నది. రంధ్రం చిన్నదే గాని, దానిలోంచి బయటికి తీసిన అవయవం చేసే పని చిన్నది కాదు. గాయం పది రోజుల్లో మానుతుంది. ప్లీహం లేని లోటు మాత్రం బతికినంత కాలం ఉంటుంది.

కాబట్టి కుట్లు విప్పడంతో ఆస్పత్రి బాధ్యత తీరిపోయిందని అనుకోరాదు. ముందుగా వేయవలసిన టీకాలు, చేతికి ఇవ్వవలసిన తెలుగు కార్డు, స్వగ్రామంలోని ఆరోగ్య సిబ్బందికి పంపవలసిన సమాచారం, ఈ మూడూ ఆపరేషన్‌లో భాగంగానే లెక్కకు రావాలి. వీటిలో ఏది లోపించినా ఆపరేషన్ సగమే అయినట్లు.

ప్లీహం చేసే పని ఏమిటి?

ప్లీహం ఎడమవైపు పక్కటెముకల కింద, పొట్ట వెనుకగా ఉంటుంది. పెద్దవారిలో సుమారు 150 గ్రాములు తూగుతుంది. ఆరోగ్యంగా ఉన్నవారికి సాధారణంగా చేతికి తగలదు. జ్వరాలతో అది పెరిగి ఎడమ డొక్కలో గట్టిగా తగిలినప్పుడు పెద్దలు దాన్ని "బల్ల" అనేవారు. బల్ల కరగాలని పొట్ట మీద వాతలు పెట్టే మొరటు వైద్యం ఒకప్పుడు ఉండేది. దానివల్ల ఒళ్లు కాలడమే తప్ప బల్ల కరగలేదు.

దీనికి ముఖ్యంగా రెండు పనులున్నాయి. ఒకటి, రక్తాన్ని జల్లెడ పట్టడం. ఎర్ర కణాల ఆయుష్షు సుమారు 120 రోజులు. ముసలివైపోయిన కణాలను, దెబ్బతిన్న కణాలను ప్లీహం ఏరి పారేస్తుంది. రెండు, కాపలా కాయడం. కొన్ని రకాల సూక్ష్మక్రిములు ఒంటి మీద జిగురు పొర కప్పుకుని రక్తంలోకి చొరబడతాయి. న్యూమోకోకస్, మెనింగోకోకస్, హిబ్ అనేవి అటువంటివి. పొర ఉన్నందువల్ల వీటిని శరీరం తేలికగా పట్టుకోలేదు. వీటిని పట్టి చంపడంలో ప్లీహానిదే పెద్ద చేయి.

జల్లెడ మితిమీరి పనిచేస్తే మంచి కణాలు కూడా నాశనమవుతాయి. అప్పుడే దీన్ని తీసివేయాలన్న ఆలోచన వస్తుంది. అయితే జల్లెడను తీసినప్పుడు కావలివాడు కూడా పోతాడు. రెండూ ఒకే అవయవం కావడమే ఇక్కడి చిక్కు.

పెరిగిన ప్రతి ప్లీహాన్నీ తీయరాదు

మన్యంలో ప్లీహం పెరగడానికి కారణాలు అనేకం. మలేరియా తరచుగా సోకినవారికి పెరుగుతుంది. బ్రిటిష్ పాలనలో, 1840ల నాడే, ఒక ఊళ్లో ఎంతమంది పిల్లలకు ప్లీహం చేతికి తగులుతున్నదో లెక్కపెట్టి, ఆ ఊళ్లో మలేరియా తీవ్రతను అంచనా వేసే పద్ధతి ఉత్తర భారతంలో మొదలైంది. టైఫాయిడ్‌లో కొంత పెరుగుతుంది. సారా తాగి కాలేయం చెడినవారికి, రక్తం ముందుకు సాగక వెనక్కి తన్ని, ప్లీహం ఉబ్బుతుంది. వీటన్నిటికీ అసలు జబ్బుకు మందు వాడాలి తప్ప, వెంటనే ప్లీహం మీద కత్తి పెట్టకూడదు. కాలేయం చెడినవారికి ఈ ఆపరేషన్‌లో రక్తస్రావం ప్రమాదం కూడా ఎక్కువ.

మరి ఎవరికి అవసరం? ప్లేట్‌లెట్లను శరీరమే నాశనం చేసుకునే ఐ.టి.పి. అనే జబ్బు ఒకటి ఉన్నది. ఆరోగ్యవంతులకు ప్లేట్‌లెట్లు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. ఈ జబ్బులో అవి కొన్ని వేలకు పడిపోయి, చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం కారుతుంది. మొదట స్టెరాయిడ్లు, ఆ తరువాత ఇతర మందులు వాడతారు. తొలి ఏడాదిలో జబ్బు దానంతట అదే సర్దుకునే అవకాశం ఉన్నందున, వీలైనంతవరకు ఒక సంవత్సరం ఆగి ఆపరేషన్ మాట ఎత్తాలన్నది నేటి వైద్యుల సలహా. తీసిన వారిలో మూడింట రెండు వంతుల మందికి చాలాకాలం గుణం నిలుస్తుంది.

పుట్టుకతో ఎర్ర కణాలు గుండ్రని గోలీల్లా మారి త్వరగా చిట్లిపోయే జబ్బు మరొకటి. ఇందులో ప్లీహం తీస్తే బాగా మేలు కలుగుతుంది. తలసీమియా పిల్లలకు రక్తం ఎక్కించడం మరీ తరచుగా అవసరమై, ప్లీహం బాగా పెరిగినప్పుడు తీస్తారు. అయినా అయిదేళ్లు నిండేదాకా ఆగడానికే ప్రయత్నిస్తారు. చిన్నపిల్లలకు సూక్ష్మక్రిముల బెడద మరీ ఎక్కువ కావడమే అందుకు కారణం.

సికిల్ సెల్ బిడ్డల సంగతి

గిరిజన ప్రాంతాలకు దగ్గరి సమస్య సికిల్ సెల్. దీని నిర్మూలనకు కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. 40 ఏళ్ల లోపు వారు 7 కోట్ల మందికి రక్త పరీక్ష చేయాలని, 2047 నాటికి ఈ జబ్బును తుడిచిపెట్టాలని లక్ష్యం పెట్టుకున్నది.

ఈ జబ్బు ఉన్న బిడ్డకు కొన్నిసార్లు ఒంట్లోని రక్తం ఒక్కసారిగా ప్లీహంలోకి చేరి ఇరుక్కుంటుంది. ఎడమ డొక్క ఉబ్బుతుంది, బిడ్డ పాలిపోతుంది, డస్సిపోతుంది. కొన్ని గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే రక్తం ఎక్కించాలి. ఇలా మళ్లీ మళ్లీ జరిగే పిల్లలకు ప్లీహం తీసివేయాలని వైద్యులు సలహా ఇస్తారు.

ఈ విషయంలో జమైకా దేశం చేసిన పని చెప్పుకోదగినది. అక్కడ సికిల్ సెల్ బిడ్డల తల్లులకు, పొట్ట ఎడమ పక్క తడిమి ప్లీహం పెరిగిందేమో చూసుకోవడం నేర్పారు. ఫలితంగా ఆపదను ముందుగా గుర్తించడం పెరిగింది, మరణాలు తగ్గాయని 1985లో వెల్లడైంది. పెద్ద యంత్రాలు అవసరం లేకుండా, తల్లి చేతివేళ్లతో సాధించిన విజయమిది. మన ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు ఈ పని నేర్పలేరని ఎవరూ అనలేరు.

ఇంకొక సంగతి. సికిల్ సెల్ పిల్లలకు ప్లీహం ఒంట్లోనే ఉన్నా, జబ్బు వల్ల అది సరిగా పనిచేయదు. కాబట్టి ఆపరేషన్ జరిగినా జరగకపోయినా జ్వరం విషయంలో వారికీ ఇవే జాగ్రత్తలు వర్తిస్తాయి. ఈ చిన్నపిల్లలకు రోజూ పెన్సిలిన్ ఇస్తే న్యూమోకోకస్ వల్ల రక్తం విషమయ్యే ప్రమాదం 84 శాతం తగ్గిందని 1986లో అమెరికాలో ఒక పరీక్ష తేల్చింది. పెన్సిలిన్ ఖరీదైన మందు కాదు, కొత్త మందూ కాదు.

రంధ్రాల్లోంచి ఎలా తీస్తారు?

మన దేశంలో ఈ పద్ధతిలో పిత్తాశయాన్ని మొదటిసారి 1990లో బొంబాయి జె.జె. ఆస్పత్రిలో డాక్టర్ టెహెంటన్ ఉద్వాడియా తొలగించారు. ప్లీహాన్ని ఈ విధంగా తీసినట్లు 1991లో ఫ్రాన్సు దేశపు డాక్టర్లు డెలేత్ర్, మేన్యాన్ ప్రకటించారు.

రోగికి పూర్తి మత్తు ఇచ్చి కుడిపక్కకు తిప్పి పడుకోబెడతారు. ఎడమ పక్క మూడు నాలుగు చోట్ల అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు పైచిలుకు రంధ్రాలు పెడతారు. లోపల చోటు ఏర్పడడానికి కార్బన్ డయాక్సైడ్ వాయువు నింపి పొట్టను ఉబ్బిస్తారు. కెమెరా చూపే బొమ్మను తెర మీద చూస్తూ, ప్లీహాన్ని పేగుకు, పొట్టకు కలిపే పొరలను ఒక్కొక్కటిగా విడదీస్తారు. పెద్ద రక్తనాళాలను క్లిప్పులతో గాని, స్టాప్లర్ వంటి సాధనంతో గాని మూసి కోస్తారు. విడివడిన ప్లీహాన్ని లోపలే ఒక సంచిలో వేసి, మూతిని రంధ్రం దగ్గరకు లాగి, సంచిలోనే చిదిపి ముక్కలుగా బయటికి తీస్తారు. పిడికిలి కంటె పెద్ద అవయవం వేలెడు రంధ్రంలోంచి ఎలా వచ్చిందన్న అనుమానానికి ఇదే సమాధానం.

పదిమందిలో ఒకరికైనా అసలు ప్లీహం పక్కన చిన్న పిల్ల ప్లీహం కూడా ఉంటుంది. ఐ.టి.పి. రోగుల్లో దాన్ని వదిలేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు. అందుచేత డాక్టరు దానికోసం కూడా వెతకాలి.

కూలికి పోయే మనిషికి ఈ పద్ధతి వల్ల నిజంగా మేలున్నది. పొట్ట కోస్తే ఆస్పత్రిలో వారం రోజుల దాకా ఉండాలి, ఆ తరువాత నెలల తరబడి బరువు ఎత్తకూడదు. రంధ్రాల పద్ధతిలో నొప్పి తక్కువ, దగ్గినా తుమ్మినా బాధ తక్కువ, కోత చీము పట్టడం తక్కువ, త్వరగా పనిలోకి పోవచ్చు. కాఫీ తోటలో, పోడులో, రోడ్డు పనిలో రోజుకూలి పోతే పూట గడవని ఇంటికి ఈ తేడా చిన్నది కాదు.

అయితే ప్రతివారికీ ఇది కుదరదు. ప్లీహం 20 సెంటీమీటర్లు దాటి పెరిగితే కష్టమవుతుంది. లోపల రక్తస్రావం ఆగకపోతే డాక్టరు అప్పటికప్పుడు పొట్ట కోయవలసి వస్తుంది. "రంధ్రం అన్నారు, కోత పెట్టారు" అని బంధువులు ఆస్పత్రి మీదికి పోవడం తగదు. అది ప్రాణం కాపాడడానికి తీసుకున్న నిర్ణయం. ఈ అవకాశం ఉన్నదని ముందే విడమరచి చెప్పి సంతకం తీసుకోవలసిన బాధ్యత మాత్రం డాక్టర్లది.

జీలుగు చెట్టు మీద నుంచి పడినవారికి, ఘాట్ రోడ్డులో మోటారు సైకిలు ప్రమాదానికి గురైనవారికి ప్లీహం చితుకుతుంది. నిలకడగా ఉన్న రోగికి ఇప్పుడు వీలైనంతవరకు దాన్ని తీయకుండానే కాపాడడానికి చూస్తారు. రక్తం కారిపోతుంటే పొట్ట కోసి తీయక తప్పదు. ఎలా తీసినా, తరువాతి జాగ్రత్తలు అందరికీ ఒకటే.

అసలు ప్రమాదం ఇంటికి వచ్చాకనే

ప్లీహం లేకపోయినా నష్టం లేదని చాలాకాలం డాక్టర్లే అనుకునేవారు. 1952లో అమెరికాకు చెందిన డాక్టర్లు కింగ్, షుమేకర్ ఈ భ్రమను పోగొట్టారు. ప్లీహం తీసిన పసిపిల్లలకు ఆ తరువాత తీవ్రమైన రక్తదోషం, మెదడువాపు వచ్చినట్లు వారు వెల్లడించారు. ఆ తరువాత పెద్దలలోనూ ఇది జరుగుతుందని తేలింది.

ఈ జబ్బు ఎలా వస్తుందో ప్రతి కుటుంబం తెలుసుకోవాలి. ఉదయం మామూలు జలుబులా, ఒళ్లునొప్పుల్లా మొదలవుతుంది. చలి, జ్వరం, వాంతులు. మధ్యాహ్నానికి మనిషి నీరసించిపోతాడు. రక్తపోటు పడిపోతుంది. మర్నాటికి మనిషి దక్కకపోవచ్చు. ఇది రావడం అరుదు. కాని వచ్చినవారిలో సగం మంది దాకా చనిపోతారు. ఆపరేషన్ అయిన తొలి రెండు మూడు ఏళ్లలో ప్రమాదం ఎక్కువే గాని, ఇరవై ఏళ్ల తరువాత కూడా వచ్చిన సందర్భాలున్నాయి.

అందువల్ల ప్లీహం లేని మనిషికి జ్వరం వస్తే, అది మామూలు జ్వరం కాదు. పారాసెటమాల్ బిళ్ల వేసుకుని పడుకుని, రేపు చూద్దామనుకునే జ్వరం కాదు. పాము కరిస్తే ఎంత తొందరపడతామో అంత తొందరపడాలి.

మలేరియా కూడా వీరికి తీవ్రంగా వచ్చే ప్రమాదమున్నది. కుక్క కరిస్తే రేబిస్ టీకాతో సరిపోదు. కుక్క నోట్లో ఉండే ఒక రకం క్రిమి వీరి రక్తంలో చేరి ప్రాణాపాయం తేగలదు. యాంటీబయాటిక్ మందు కూడా అవసరం. ఆపరేషన్ అయిన కొన్ని వారాల్లో పొట్టలో నొప్పి, జ్వరం వస్తే కాలేయానికి పోయే రక్తనాళంలో గడ్డ కట్టిందేమో స్కానింగ్ చేయించాలి.

టీకాలు ముందా, వెనుకా?

న్యూమోకోకస్, మెనింగోకోకస్, హిబ్ టీకాలు ఆపరేషన్‌కు కనీసం రెండు వారాల ముందు వేయాలి. ప్లీహం ఉన్నప్పుడు వేసిన టీకా బాగా పట్టుకుంటుంది. ప్రమాదంలో అత్యవసరంగా తీయవలసి వస్తే, రెండు వారాల తరువాత వేయాలి. కొన్ని టీకాలు అయిదేళ్లకు మళ్లీ వేయించుకోవాలి. ఇన్‌ఫ్లుయెంజా టీకా ఏటా అవసరం. పిల్లలకు కనీసం అయిదేళ్ల వయసు వరకు, ఆపరేషన్ అయిన తరువాత ఒకటి రెండేళ్ల పాటైనా, రోజూ పెన్సిలిన్ వంటి మందు ఇస్తారు.

చిన్నపిల్లలకు ప్రభుత్వం వేసే ఉచిత టీకాల్లో హిబ్, న్యూమోకోకస్ టీకాలున్నాయి. మెనింగోకోకస్ టీకా అందులో లేదు. పెద్దవారికి వీటిలో ఏదీ మామూలుగా ఉచితంగా వేయరు. కాబట్టి పేదవాడు కొనుక్కోవాలి, లేదా మానుకోవాలి. మానుకునేవారే ఎక్కువ ఉంటారని వేరే చెప్పనవసరం లేదు. ఎన్నో ఏళ్ల కిందట ప్లీహం తీయించుకుని, టీకా మాటే ఎరగనివారు కూడా ఉంటారు. వారికి సమయం మించిపోలేదు. ఇప్పుడైనా వేయించుకోవచ్చు.

మన్యంలో జరిగేదేమిటి?

పాడేరు నుంచి విశాఖపట్నం వంద కిలోమీటర్లకు పైగా దూరం, మధ్యలో ఘాట్ రోడ్డు. డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకు రావలసిన గ్రామాలు నేటికీ ఉన్నాయి. వానాకాలం వస్తే ఇంటింటా జ్వరం. అందరికీ వచ్చిన జ్వరమే కదా అని ప్లీహం లేని మనిషి కూడా ఊరుకుంటాడు. ఒకరు గురువు దగ్గరకు పొమ్మంటారు. ఇంకొకరు ఊళ్లోని ఆర్.ఎం.పి. చేత సూది వేయించుకోమంటారు. సంత రోజున జీపు దొరికితే చూద్దామంటారు. ఈలోగా గంటలు గడుస్తాయి.

అక్కడి డాక్టరు దగ్గరకు చేరినా, ప్లీహం లేదన్న సంగతి ఆయనకు తెలియాలి కదా. ఆస్పత్రి ఇచ్చిన కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి. ఇంటి చూరులో వానకు తడిసి ఉంటాయి. "ఏం ఆపరేషన్?" అంటే "కడుపులో గడ్డ తీశారు" అని చెబుతారు. పాత పద్ధతిలో పొట్ట మీద జానెడు కోత మచ్చ ఉంటే డాక్టరుకు అనుమానమైనా వచ్చేది. కెమెరా ఆపరేషన్ మచ్చలు కంటికి కనిపించవు. చిన్న గాయం వల్ల కలిగిన మేలే ఈ విధంగా కీడుగా మారే అవకాశమున్నది.

రోగి చదువుకోలేదని, అతనిదే తప్పని చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. చదువు రాని మనిషికి అర్థమయ్యేలా చెప్పడం చదువుకున్నవారి పని.

చేయవలసిన పనులు

ఇందుకు కొత్త భవనాలు, కోట్ల నిధులు అక్కరలేదు.

మొదటిది, టీకాలు వేయకుండా ముందుగా నిర్ణయించిన ప్లీహం ఆపరేషన్ ఏ ఆస్పత్రిలోనూ చేయరాదు. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఆపరేషన్ ఖర్చు భరించేటప్పుడు ఈ టీకాల ఖర్చును కూడా అందులోనే కలపాలి. ఆపరేషన్‌కు డబ్బిచ్చి టీకాకు ఇవ్వకపోవడం ఇల్లు కట్టి తలుపు పెట్టకపోవడం వంటిది.

రెండవది, రోగి చేతికి తడవని అట్ట కార్డు ఇవ్వాలి. దాని మీద పెద్ద తెలుగు అక్షరాలతో "ఈ మనిషికి ప్లీహం లేదు. జ్వరం వస్తే వెంటనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇవ్వాలి" అని రాసి ఉండాలి. వేసిన టీకాలు, తేదీలు, మళ్లీ వేయవలసిన సంవత్సరం ఉండాలి.

మూడవది, సికిల్ సెల్ పరీక్షల కోసం ఊరూరా పేర్లు రాసే సిబ్బంది ఉండనే ఉన్నారు. ఆ పుస్తకంలోనే ప్లీహం లేనివారికి ఒక పేజీ కేటాయించవచ్చు. ఎ.ఎన్.ఎం.కు, ఆశా కార్యకర్తకు వారి పేర్లు తెలిసి ఉండాలి.

నాలుగవది, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సెఫ్ట్రియాక్సోన్ వంటి ఇంజెక్షన్ రాత్రీ పగలూ అందుబాటులో ఉండాలి. ఇటువంటి రోగి వస్తే మొదటి మోతాదు వేసి, ఆ తరువాతే 108 వాహనంలో పెద్దాస్పత్రికి పంపాలి. విశాఖపట్నం చేరేదాకా ఆగితే ఘాట్ రోడ్డులోనే ప్రాణం పోవచ్చు. పాడేరులో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది. మన్యం సిబ్బందికి ఈ శిక్షణ ఇవ్వడానికి అంతకంటె తగిన చోటు లేదు.

అయిదవది, రోడ్డుకు దూరంగా ఉన్న గ్రామాల రోగులకు, డాక్టరు సలహాతో, అమోక్సిసిలిన్ వంటి మందు ఇంట్లోనే సిద్ధంగా ఉంచాలి. జ్వరం తగలగానే మొదటి మోతాదు మింగి బయలుదేరాలి. మందు మింగి ఇంట్లో ఉండిపోవడం కాదు, మింగి బయలుదేరడం అన్నది గుర్తుంచుకోవాలి.

కుటుంబం చేయవలసిన పనీ ఉన్నది. ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు డాక్టరును నాలుగు ప్రశ్నలు అడగాలి. ప్లీహం ఎందుకు పెరిగింది? తీయకుండా మందులతో నయం కాదా? టీకాలు ఎప్పుడు వేస్తారు? ఇంటికి వెళ్లాక జ్వరం వస్తే ఏం చేయాలి? డాక్టరు ఎంత పెద్దవాడైనా ఈ ప్రశ్నలు అడగడంలో తప్పు లేదు. పథకంలో ఏమేమి ఉన్నవో ఆస్పత్రిలోని కౌంటరు దగ్గర విచారించాలి. ఇంటికి వచ్చాక దోమతెర వాడాలి. బిడ్డ బడికి పోతుంటే పంతులుగారికి, ఆశ్రమ పాఠశాలలో ఉంటే వార్డెనుకు సంగతి చెప్పి కార్డు నకలు ఇవ్వాలి. ఆశ్రమ పాఠశాలలో రాత్రి వేళ జ్వరం వచ్చిన బిడ్డను పొద్దుటిదాకా ఉంచడం వారి విషయంలో ఎంతమాత్రం పనికిరాదు.

భయపెట్టడం కాదు

ఇవన్నీ చెబితే జనం భయపడి అవసరమైన ఆపరేషన్ కూడా మానేస్తారని కొందరు అనవచ్చు. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. వాతల వైద్యం నుంచి పెద్దాస్పత్రికి వచ్చిన జనాన్ని మళ్లీ వెనక్కి తరమడం ఎవరికీ మంచిది కాదు. అయితే దాచిపెట్టడం వల్ల వచ్చే నమ్మకం నిలవదు. ఒక ఊళ్లో ఆపరేషన్ అయిన మనిషి ఏడాది తిరక్కుండా జ్వరంతో చనిపోతే, "ఆపరేషనే చంపింది" అని పది ఊళ్లు చెప్పుకుంటాయి. అసలు కారణం టీకా లేకపోవడం, ఆలస్యం కావడం అని ఎవరికీ తెలియదు. నిజం ముందే చెప్పి, జాగ్రత్త నేర్పి పంపితే మనిషీ బతుకుతాడు, వైద్యం మీద నమ్మకమూ బతుకుతుంది.

ప్లీహం లేకుండా పొలం పని చేసుకుంటూ, పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని, ముసలితనం దాకా హాయిగా బతికినవారు లోకంలో ఎందరో ఉన్నారు. టీకా, కార్డు, జ్వరం వచ్చినప్పుడు తొందర, ఈ మూడూ ఉంటే అది సాధ్యమే. రంధ్రం ఎంత చిన్నగా పెట్టారన్నది డాక్టరు నేర్పుకు గుర్తు. ఆపరేషన్ అయిన అయిదేళ్లకు, పదేళ్లకు ఆ మనిషి జ్వరం వచ్చిన గంటలోనే మందు అందుకోగలిగాడా లేదా అన్నది ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థకు పరీక్ష. జిల్లా వైద్య ఆరోగ్య శాఖ, ఐ.టి.డి.ఎ. అధికారులు వచ్చే వానాకాలం జ్వరాలు మొదలు కాకముందే ఈ విషయమై తగు చర్యలు తీసుకోవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.